మిక్సరు దగ్గర మనిషి

“ఈ కత్తెరతో దారాలు కత్తిరించారా అత్తయ్యా?”

అత్తగారు పొయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు. “దారం కత్తిరిస్తే కత్తెర అరిగిపోదులే.”

“ఇది పాల ప్యాకెట్లకని విడిగా పెట్టాను. చూడండి, నల్ల పోగు ఇంకా అంటుకునే ఉంది.”

“నీ కూతురి గౌనుకి గుండీ ఊడింది, కుట్టాను. దారం పళ్ళతో కొరకమంటావా? నా నోట్లో ఉన్నవాటిలో సగం నావి కావు.”

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న కొడుకు, “సాయంత్రం వచ్చేటప్పుడు ఇంకో కత్తెర తెస్తాలే,” అన్నాడు.

“అక్కర్లేదు,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒక్క మాట మీద నిలబడేది అతని నోరు మూయించడానికే.

కోడలు కత్తెరని సబ్బుతో కడిగింది, తుడిచింది, మళ్ళీ కడిగింది. బస్సు టైమవుతోంది. మూడేళ్ళ పాప ఆమె మోకాలు పట్టుకుని వేలాడుతోంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

“మా అక్క ఇంట్లో ఏ వస్తువు చోటు దానిదే. ఎనిమిదయ్యేసరికి వంటిల్లు అద్దంలా ఉంటుంది.”

“మీ అక్కకి పనివాళ్ళు ఇద్దరు. వాళ్ళని కూడా తీసుకురా. నేనూ పక్కన కుర్చీ వేసుకుని, ఏది ఎక్కడ పెట్టాలో చెప్తాను.”

“అది కాదత్తయ్యా. రోజంతా ఇంట్లోనే ఉంటారు కదా, ఒక్క కత్తెర...”

అనకూడనిది అనేశానని మాట పూర్తి కాకుండానే ఆమెకి తెలిసింది. అత్తగారు గరిటెని గిన్నె అంచుకి తట్టి పక్కన పెట్టింది. పాపని ఎత్తుకుని, దాని పెదవి మీది పాల మీగడ బొటనవేలితో తుడిచింది. “అమ్మకి టాటా చెప్పు,” అంది పాపతో.

బస్సులో కూర్చున్నాక కూడా ఆ గరిటె చప్పుడు చెవిలోనే ఉంది.

ఇంట్లో కోడలైన మనిషిని సైటులో అందరూ లెక్కలమ్మ అంటారు. గేటు పక్కన రేకుల గదిలో ఆమె బల్ల, కంప్యూటరు, ఒక ఇనుప బీరువా. ఆ కంపెనీ ఒకే భవనాన్ని రెండు దేశాల్లో కడుతోంది. అవే ప్లాన్లు, అవే అంతస్తులు, అవే కిటికీలు. రెండుచోట్లా పునాది తవ్వడం ఒకే వారంలో మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ డాబా మీదికి నీళ్ళ ట్యాంకులు ఎక్కిస్తున్నారు. ఇక్కడ మూడో అంతస్తు స్లాబుకి ఇంకా కడ్డీలు కడుతున్నారు. ఒక చదరపు మీటరు పూర్తి కావడానికి అక్కడ ఎన్ని గంటల మనిషి పని పడుతోంది, ఇక్కడ ఎంత పడుతోంది, తేడా ఎక్కడుంది అని హెడ్డాఫీసు అడిగింది.

లెక్కలమ్మ చాలా రోజులుగా ఆ పట్టిక నింపుతోంది. కొన్ని తేడాలు చూడగానే తెలిసిపోయేవి. అక్కడ గోడ ఫ్యాక్టరీలో తయారై లారీ ఎక్కి వస్తుంది, క్రేను ఎత్తి నిలబెడుతుంది. ఇక్కడ ఇటుక మీద ఇటుక లేస్తుంది. ఫ్యాక్టరీలో ఆ గోడ పోసినవాళ్ళ గంటలు ఎక్కడ రాశారని ఆమె ఒకసారి అడిగితే, అవి సామాను కిందకి వెళ్తాయని జవాబొచ్చింది. గోడ అక్కడ సామాను, ఇక్కడ మనుషులు. సామానుకి జలుబు చెయ్యదు, సామాను ఆలస్యంగా రాదు. అందుకని పట్టికలో అక్కడివాళ్ళు చురుకైనవాళ్ళుగానూ, ఇక్కడివాళ్ళు నత్తలుగానూ తేలారు. లెక్కలమ్మ ఆ జవాబుని పట్టిక అడుగున చిన్నక్షరాల్లో రాసిపెట్టింది. చిన్నక్షరాలు ఎవరూ చదవరని ఆమెకి తెలుసు. అయినా రాసింది.

ఆ రోజు మేనేజరు టీ గ్లాసుతో వచ్చి ఆమె బల్ల అంచు మీద కూర్చున్నాడు. పెద్ద పొట్ట, మెత్తటి గొంతు. కోపమొస్తే గొంతు ఇంకా మెత్తబడుతుందని మేస్త్రీలు చెప్పుకుంటారు.

“చివరి కాలమ్ అడుగుతున్నారమ్మా. ఎవరు ఏం తయారు చేస్తున్నారో ఒక్కొక్కరి పేరు పక్కనా రాయాలట. ఏమీ తయారు చెయ్యనివాళ్ళకి సున్నా. సున్నాలన్నీ వచ్చే వారానికి దిగిపోవాలి.”

“మీ పేరు పక్కన ఏం రాయమంటారు సార్?”

“టీలు ఖాళీ చేస్తున్నానని రాయి,” అని గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఆమె చాలా వరుసలు పూర్తిచేసింది. ఒక వరుస దగ్గర మాత్రం ఆగింది. ‘హెల్పరు, మిక్సరు దగ్గర.’ మిక్సరు దగ్గర ఇసుక ఎత్తేవాళ్ళు, సిమెంటు పోసేవాళ్ళు, నడిపేవాడు వేరే వరుసల్లో ముందే ఉన్నారు. మరి ఈ మనిషి ఎవరు? హెల్మెట్ పెట్టుకుని బయటికి నడిచింది.

మిక్సరు నడిపేవాడు ఆమె ప్రశ్న రెండుసార్లు అడిగించుకున్నాడు, శబ్దంలో వినపడనట్టు. మూడోసారి మిక్సరు ఆపాల్సి వచ్చింది.

“ఇక్కడ హెల్పరా? నేనున్నాను, ఇది ఉంది. ఇంకెవరుంటారు మేడం?” అని, ఆమె కదలకపోవడం చూసి చూపు పక్కకి తిప్పాడు. “జోలమ్మ గురించా మీరడిగేది?”

గేటు దగ్గర కూర్చునే లెక్కలమ్మకి పిల్లల గోల అప్పుడప్పుడు వినిపించేది. పక్క వీధిలోదనుకునేది. అది వెనకవైపు కింది అంతస్తులో, మున్ముందు కరెంటు మీటర్లు బిగించాల్సిన గదిలోంచి వస్తోంది. గది గుమ్మానికి మోకాలెత్తు వరకు ఆకుపచ్చ వల కట్టి ఉంది. పైనుంచి మనుషులు పడకుండా కట్టే వల ముక్క అది. లోపల సారవ కట్టే ఇనుప పైపు ఒకటి గోడనుంచి గోడకి బిగించి, దానికి పాత దుప్పట్లతో మూడు ఉయ్యాలలు వేలాడదీశారు. మూడింటికీ కలిపి ఒకటే తాడు. ఆ తాడు చివర ఒక పెద్దావిడ కాలి బొటనవేలికి చుట్టి ఉంది. ఆవిడ కాలితో ఊపుతూ చేత్తో ఒక పిల్లవాడికి చొక్కా తొడుగుతోంది. నేల మీద నడిచే వయసు పిల్లలు కొందరు బారులు తీరి కవరు బిళ్ళలు పేరుస్తున్నారు. కడ్డీకి కింద ఎడం ఉండడానికి పెట్టే చిన్న సిమెంటు దిమ్మలు అవి. వాటి అంచులు పిల్లల చేతులకి గీసుకోకుండా ఎవరో రాతి మీద అరగదీశారు.

“రా తల్లీ, వల దాటి రా. చెప్పులు బయటే. దుమ్ము వీళ్ళ ముక్కుల్లో ఉన్నది చాలు,” అంది జోలమ్మ. “కొలవడానికి వచ్చావంటగా. మిక్సరు ఆగిందంటే అనుకున్నా. ఎవర్ని కొలుస్తావు, నన్నా వీళ్ళనా? వీళ్ళు రేపటికి పెరుగుతారు. నేనైతే ఇంతే.”

“మీ పేరు మిక్సరు దగ్గర అని ఉంది...”

“మిక్సరు ఇక్కడికి వినపడుతుందిలే.”

లెక్కలమ్మకి నవ్వొచ్చింది. ఒక మూల ఇసుక మీద కూర్చుంది. అప్పుడే పైకి సామాను ఎక్కించే లిఫ్టు గంట మోగింది. జోలమ్మ చొక్కా గుండీలు వదిలేసి, కాలి తాడు తీసి, ఒక్కొక్క పిల్ల తలా ముట్టుకుంటూ వచ్చింది. ఉయ్యాలల్లోకి కూడా చెయ్యి పెట్టి చూసింది. మళ్ళీ వచ్చి గుండీ దగ్గర మొదలుపెట్టింది. కాసేపటికి గంట మళ్ళీ మోగితే మళ్ళీ అదే పని.

“గంట మోగినప్పుడల్లా తలలు లెక్కపెడతారెందుకు?”

“గంట మోగితే వాళ్ళమ్మ దిగొస్తుందనుకుని పరిగెడతారు. పరిగెత్తేది లిఫ్టు కిందకే కదా.”

ఈసారి నిజంగానే ఒక అమ్మ దిగింది. పైన కడ్డీలకి తీగ చుట్టే అమ్మాయి. నడుముకి తీగ కట్టలు, చేతిలో కొక్కెం. కుళాయి కింద మోచేతుల దాకా తుప్పు కడుక్కుని, మధ్య ఉయ్యాలలోంచి బిడ్డని తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. లెక్కలమ్మ హెల్మెట్ ఆఫీసువాళ్ళ రంగులో ఉండడం చూసి కొంచెం సర్దుకుంది.

“ఈవిడ లేకపోతే మీరేం చేస్తారు?” అని అడిగింది లెక్కలమ్మ.

ఆ అమ్మాయి తల తిప్పకుండానే అంది. “ఈవిడ లేకపోతే నేనూ లేను. నేను లేకపోతే మా ఆయన కడ్డీకి రెండో కొస ఎవరు పట్టుకుంటారు?” తర్వాత అనుమానంగా చూసింది. “తీసేస్తున్నారా మేడం?”

“అడిగానంతే.”

“అడిగినవాళ్ళు ఎప్పుడూ ఉంచడానికి అడగరు,” అంది జోలమ్మ, ఆ అమ్మాయి జడలో ఇరుక్కున్న తీగ ముక్క తీసి పారేస్తూ. అందులో నిష్ఠూరం లేదు.

“మిమ్మల్ని జోలమ్మ అంటారెందుకు? జోల బాగా పాడతారా?”

“ఒక్కసారి పాడాను. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. పేరు మాత్రం ఉండిపోయింది.”

సాయంత్రం అక్కడి సైటుతో వీడియోలో మాట్లాడే వేళ. అక్కడ ఇదే పని చేసేది కూడా ఒక ఆడమనిషే. మేనేజరు ఆమెకి అక్కడి లెక్కలమ్మ అని పేరు పెట్టాడు. ఇద్దరిదీ కాని భాషలో మాట్లాడుకునేవాళ్ళు కాబట్టి వాళ్ళ మధ్య అనవసరమైన మాట ఒక్కటీ ఉండేది కాదు.

“మీ దగ్గర పనిలో ఆడవాళ్ళు ఉన్నారా?”

“ఉన్నారు. క్రేను నడిపేది ఆవిడే. రంగులు వేసేవాళ్ళలో సగం మంది.”

“వాళ్ళ పిల్లలు?”

“పిల్లల బడిలో. ఇదే వీధి చివర. చంటిపిల్లల్ని కూడా తీసుకుంటారు. నగరపాలక సంస్థ నడుపుతుంది.”

“ఆ ఖర్చు మీరు సైటు లెక్కలో ఎక్కడ రాస్తారు?”

“సైటు లెక్కలోకి ఎందుకొస్తుంది?” అని అక్కడి లెక్కలమ్మ ఆశ్చర్యపోయింది. అప్పుడు ఈమె మీటర్ల గది సంగతి చెప్పింది. ఉయ్యాలలు, తాడు, గంట. అవతలి మనిషి వింటూ వింటూ కలం తీసుకుంది. “నా కొడుకు కూడా ఆ బడిలోనే. కాంక్రీటు పోస్తున్నా సరే, మూసే వేళకి నేను లేచి వెళ్ళిపోతాను. నీకూ పాప ఉందన్నావు, ఎక్కడ ఉంటుంది?”

“ఇంట్లో. మా అత్తగారి దగ్గర.”

“ఆవిడ ఏ పద్దు కింద వస్తారు?”

లెక్కలమ్మ నవ్వింది. తెర మీద మనిషి నవ్వలేదు. జవాబు రాసుకోవడానికి కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

ఆ సాయంత్రం ఆమె పట్టికలో కొత్త వరుస చేర్చింది. ‘పిల్లల్ని చూసే మనిషి.’ ఇక్కడి కాలమ్‌లో ఒకరు అని రాసింది. అక్కడి కాలమ్‌లో ‘ఉన్నారు, ఈ లెక్కలో లేరు’ అని రాసింది. మామూలు అక్షరాల్లోనే రాసింది. మేనేజరు వెనకనుంచి చదివి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు బాగా మెత్తగా ఉంది.

“ఆవిడ మిక్సరు దగ్గర లేదని నాకు తెలీదనుకున్నావా? మిక్సరు అని రాయించింది నేనేనమ్మా. పిల్లల్ని చూసే మనిషికి ఈ కంపెనీలో పద్దు లేదు. అందుకని దాచాను.”

“సున్నా పెడితే ఆవిడ పని ఎలాగూ పోతుంది కదా సార్.”

“సున్నా పెట్టకుండా ఇంత ఇసుక ఎత్తిందని ఏదో రాసేస్తే సరిపోయేది. ఇప్పుడు పేరు పెట్టి మరీ చూపిస్తున్నావు. వాళ్ళేమంటారు? మేము ఇళ్ళు కడుతున్నామా, పిల్లల్ని పెంచుతున్నామా అంటారు.”

“రెండూ చేస్తున్నాం కదా.”

మేనేజరు నుదురు రుద్దుకున్నాడు. “నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలా వద్దా అనేదే కదా.”

జోలమ్మ ఎత్తని ఇసుకని ఎత్తినట్టు రాయడానికి లెక్కలమ్మకి చెయ్యి రాలేదు. తీసేస్తున్నారా అని కడ్డీల అమ్మాయి అడిగిన మాట కూడా చెవిలో ఉంది. చివరికి మేనేజరే లేచి, “పంపించు. నా పేరు కూడా కింద పెట్టు. తిడితే ఇద్దర్నీ కలిపి తిడతారు,” అన్నాడు.

ఇంట్లో కత్తెర కొత్త మేకుకి వేలాడుతోంది. అత్తగారు ఎవరితో ఎంత మాట్లాడాలో అంతే మాట్లాడుతోంది. పాపతో ఎక్కువ, కొడుకుతో మామూలుగా, కోడలితో అవసరానికి. రాత్రి ఆవిడ గిన్నెలు తోముతున్నప్పుడు లెక్కలమ్మ పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది.

“పొద్దున నేనన్న మాట...”

“ఏ మాట?”

“రోజంతా ఇంట్లోనే ఉంటారని.”

“ఇంట్లోనే ఉన్నానుగా, అబద్ధమేముంది,” అని అత్తగారు ఇంకో గిన్నె చేతికిచ్చింది. “ఇది లోపల కూడా తుడువు, చెమ్మ ఉంది.”

క్షమాపణ చెప్పే చోటు అలా దాటిపోయింది. మర్నాడు పొద్దున లెక్కలమ్మ ఆ తడబాటులోనే బీరువా తాళంచెవి మేజా మీద మర్చిపోయి బస్సెక్కింది.

హెడ్డాఫీసు జవాబు ఆమె కన్నా ముందే వచ్చి కూర్చుంది. సైటులో పిల్లలున్న సంగతి మాకిప్పుడే తెలిసింది, ఇది ఇలా సాగడానికి వీల్లేదు అని మొదలైంది. మేనేజరు గట్టిగా చదివాడు. పిల్లలు వారం చివరికి గేటు బయట ఉండాలి. లేదా అక్కడి బడులకున్న నియమాలు ఇక్కడా పాటించాలి. పని జరిగే చోటికి దూరంగా గాలి వచ్చే గది, కుళాయి, తలుపు, ఇద్దరు మనుషులు. ఇద్దరిలో ఒకరికి చదవడం, రాయడం రావాలి, దెబ్బ తగిలితే చెయ్యాల్సిన చికిత్స నేర్చుకుని ఉండాలి. అది కంపెనీయే నేర్పిస్తుంది. ఇద్దరి జీతమూ హెల్పరు జీతం. నియమాల కాగితాలు జతచేసి పంపింది అక్కడి లెక్కలమ్మ అని కింద ఉంది.

“ఆవిడ మనవైపే మాట్లాడింది,” అంది లెక్కలమ్మ.

“మాట్లాడింది, కాదనను. గది నేను చేయిస్తాను. గేటుకి ఇవతల స్టోరు ఖాళీ చేయిస్తే కిటికీ కూడా ఉంది. కుళాయి ఒక పూట పని. చదువుకున్న మనిషి హెల్పరు జీతానికి ఈ దుమ్ములోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అది చెప్పు ముందు.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మనిషి దొరక్కపోతే జోలమ్మని నువ్వూ నేనూ కలిసి తీసేసినట్టే.”

బీరువా తియ్యబోతే తాళంచెవి లేదు. ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి గేటు కాపలా మనిషి వచ్చి, “మీ అత్తగారంట మేడం, పాపని ఎత్తుకుని వచ్చారు. మీరు మీటింగులో ఉన్నారని చెప్పా. పిల్లల గోల విని అటు వెళ్ళారు,” అన్నాడు.

లెక్కలమ్మ దాదాపు పరుగెత్తింది. మీటర్ల గది మలుపు దగ్గర అత్తగారి గొంతు వినపడి ఆగింది. వల మీదుగా లోపల కనిపిస్తోంది. అత్తగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. ఒక ఉయ్యాల దుప్పటి అంచు విడిపోతే ఒళ్ళో వేసుకుని కుడుతోంది. ఆ సూదీ దారం ఆవిడ సంచీలో ఎప్పుడూ ఉంటాయి. పాప మిగతా పిల్లల పక్కన బోర్లా పడుకుని దిమ్మలు పేరుస్తోంది. ఒకటి పడితే అందరూ కలిసి నవ్వుతున్నారు.

“నీకు సెలవెప్పుడు?” అని అడుగుతోంది అత్తగారు.

“వానొస్తే,” అంది జోలమ్మ. “కాంక్రీటు ఆగితే అందరూ ఆగుతారుగా. మీకో?”

అత్తగారు దారం ముడి వేసింది.

“మా ఇంట్లో వాన పడదు.”

ఇద్దరూ నవ్వారు. పెద్దగా ఏం కాదు, ఒకే వీధిలో చాలాకాలం ఉన్నవాళ్ళు నవ్వుకున్నట్టు. లెక్కలమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తడి సిమెంటు చల్లదనం వీపుకి తగులుతోంది. వెంటనే లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. లిఫ్టు గంట మోగింది. జోలమ్మ లేచి తలలు ముట్టుకోవడం మొదలుపెడితే, అత్తగారు ఏమీ అడగకుండా తన వైపున్న పిల్లల తలలు తను ముట్టుకుంది. అప్పుడు లెక్కలమ్మ వల దాటి, “తాళంచెవి తెచ్చారా అత్తయ్యా,” అంది. ఇంకేమనాలో తోచక.

“తెచ్చాను. చెప్పులు బయట విడువు,” అంది అత్తగారు.

తర్వాతి రోజులు మనిషిని వెతకడంతోనే గడిచాయి. స్టోరు గదికి సున్నం కొట్టారు. కిటికీకి జాలీ బిగించారు. పిల్లల చేతికి అందే ఎత్తులో కుళాయి పెట్టమంటే, కుళాయి మేస్త్రీ గొంతుక్కూర్చుని తనే ఎత్తు చూసుకుని పెట్టాడు. గది రోజురోజుకీ తయారవుతోంది, మనిషి మాత్రం దొరకలేదు. ఒకమ్మాయి వచ్చి గది చూసి బాగుందంది, జీతం విని మళ్ళీ వస్తానంది. ఇంకొకావిడ ఉద్యోగం పేరేమిటని అడిగింది. హెల్పరంటే మా ఆయన ఒప్పుకోడండీ అని వెళ్ళిపోయింది. లెక్కలమ్మ కాలేజీలో కలిసి చదివిన స్నేహితురాళ్ళకి ఫోను చేసింది. పిల్లలంటే ఇష్టమే కానీ అన్నారు అందరూ.

కడ్డీలు కట్టే అమ్మాయి పైకి వెళ్ళేటప్పుడు ఆఫీసు కిటికీ దగ్గర ఆగుతోంది. ఏమీ అడగదు. లెక్కలమ్మ తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోతుంది. ఒకసారి మాత్రం, “సోమవారం నుంచి మావాణ్ణి నడుముకి కట్టుకుని ఎక్కుతా మేడం. చిన్నవాడే, బరువుండడు,” అంది. లెక్కలమ్మ కిటికీలోంచి మూడో అంతస్తువైపు చూసింది. అంచున ఇంకా పిట్టగోడ లేదు.

జోలమ్మకి ఎవరూ చెప్పకపోయినా తెలుసు. కొత్త గదిలోకి దిమ్మలు మోసుకుపోతూ, “నన్ను తీసేస్తే తీసేశారు, గది మటుకు బాగా కట్టారు. తర్వాత మీటర్లు ఇందులో పెట్టుకోవచ్చు,” అంది. మేనేజరు ఆ మాటకి నవ్వబోయి మానేశాడు.

శుక్రవారం సాయంత్రం లెక్కలమ్మ ఇంటికి వచ్చేసరికి బల్ల మీద కంచాలు వేసి ఉన్నాయి. మామూలుగా అత్తగారు అందరికీ వడ్డించి, పాపకి తినిపించి, చివర్న పొయ్యి పక్కనే నిలబడి నాలుగు ముద్దలు తినేది. ఇవాళ నాలుగో కుర్చీ కూడా లాగి ఉంది. అత్తగారు ఒళ్ళో పాపని పెట్టుకుని అందులో కూర్చుంది. కొడుకు అది చూసి ఏదో అనబోయి, అన్నం గిన్నె తనే అందుకుని అందరికీ వడ్డించాడు.

“ఇవాళ కూడా దొరకలేదా?” అని అడిగాడు భార్యని.

“లేదు. రేపటితో గడువు సరి. సోమవారం నుంచి పిల్లలు గేటు బయట. సగం మంది ఆడవాళ్ళు పని మానేస్తారు. మిగతా సగం పిల్లల్ని కట్టుకుని పైకెక్కుతారు.” ఆమె అన్నం కలిపింది కానీ నోట్లో పెట్టుకోలేదు. “సున్నా పెట్టకుండా అబద్ధం రాసేసి ఉంటే, ఆవిడ హాయిగా మిక్సరు దగ్గరే ఉండేది. నిజం రాసి నేనే తీసేశాను.”

“నువ్వేం తీసెయ్యలేదు,” అంది అత్తగారు. పాప నోటికి ముద్ద అందించి, అది నమిలేదాకా ఆగింది. “చదవడం రాయడం రావాలన్నారు కదూ.”

“అవును.”

“దెబ్బ తగిలితే ఏం చెయ్యాలో వాళ్ళే నేర్పుతారన్నావు.”

“అవునత్తయ్యా.”

“వయసెంత ఉండాలో ఏమైనా రాశారా?”

లెక్కలమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె భర్త తల్లివైపు, భార్యవైపు మార్చి మార్చి చూశాడు.

“రాయలేదు,” అంది లెక్కలమ్మ మెల్లగా.

“అయితే సోమవారం నుంచి నేను వస్తాను. పొద్దున మీ మేనేజరుకి ఫోను చేసి చెప్పాను. గొంతు బాగా మెత్తగా ఉంది, కోపమొచ్చిందేమో అనుకున్నాను. కాదట, ఏడుపొచ్చిందట.” అత్తగారు పాప జుట్టు చెవి వెనక్కి దోపింది. “మీకు ముందే చెప్తే వద్దంటారని చెప్పలేదు, ఆయన్నీ చెప్పొద్దన్నాను. ఇప్పుడు కూడా అడగడం లేదు, చెప్తున్నాను.”

“అమ్మా, నీ మోకాళ్ళు...” అన్నాడు కొడుకు.

“మోకాళ్ళు ఇక్కడా నొప్పే, అక్కడా నొప్పే. అక్కడైతే జీతమిస్తారు. ఆ జీతం నాది. ఏం చేశావని ఎవరూ అడక్కూడదు.”

“పాపని కూడా తీసుకొస్తారా?” అంది లెక్కలమ్మ. “అక్కడ దుమ్ము...” అని ఆగిపోయింది.

“అక్కడున్న పిల్లలకి పట్టే దుమ్మేగా,” అంది అత్తగారు. కోడలి ముఖం చూసి గొంతు తగ్గించింది. “తుడుస్తాంలే అమ్మాయ్. ఇద్దరం ఉంటాం. అన్నం తిను ముందు, చల్లారిపోతోంది.”

లెక్కలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. తెల్లారి మొదట ఎవరికి చెప్పాలో ఆలోచిస్తోంది. కడ్డీల అమ్మాయికే చెప్పాలి, ఆమె పైకెక్కకముందే.

“మరి వంట?” అన్నాడు భర్త.

“పొద్దున నువ్వు, సాయంత్రం తను. ఆదివారం ఎవరు చేస్తారో మీరిద్దరూ తేల్చుకోండి, నాకు సెలవు,” అని అత్తగారు తన పక్కనున్న కూర గిన్నెని అందరి చేతులకీ అందేలా బల్ల మధ్యకి జరిపింది.